ఆకాశానికి కేక వేసే పెట్టె: ఎమర్జెన్సీ బీకన్ కొన్న రోజు నుంచి రక్షణ బృందం చేరేదాకా

ఐదు వాట్లు అంటే గదిలో వెలిగే చిన్న ఎల్‌ఈడీ బల్బుకు సరిపోయే శక్తి. ఆపదలో చిక్కినవాళ్ళ తరఫున ఉపగ్రహాలకు రేడియో సంకేతం పంపే చిన్న పెట్టె ఎమర్జెన్సీ బీకన్. అది ఆ కాస్త శక్తినే పొదుపుగా వాడుకుంటుంది. దాదాపు 50 సెకన్లకు ఒకసారి, అర సెకను పాటు, 406 మెగాహెర్ట్జ్ మీద ఒక కేక వేసి మళ్ళీ మౌనంగా ఉండిపోతుంది. 48 గంటల బ్యాటరీ ఉంటే అలాంటి కేకలు మూడు వేల నాలుగు వందలకు పైనే వేస్తుంది. భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి కూడా ఆ కేక వినబడుతుంది.

బటన్ నొక్కడం అర నిమిషం పని. నొక్కినప్పుడు ఫలితం దక్కాలంటే చేయాల్సిన పనులన్నీ మాత్రం ఒడ్డున, తీరిక ఉన్నప్పుడే జరగాలి. రిజిస్టర్ చేయని బీకన్, తాడుతో బోటుకే కట్టేసిన బీకన్, బోటు మునిగితే బీకన్‌ను విడిపించే యూనిట్ గడువు దాటిపోయిన బీకన్ చూడ్డానికి బాగానే ఉంటాయి. ఆపద వేళ మాత్రం అక్కరకు రాకపోవచ్చు. అందుకే ఈ మార్గదర్శిలో నొక్కడం గురించి కన్నా నొక్కకముందు సంగతులే ఎక్కువ.

కేక ఎక్కడికి వెళ్తుంది

ఈ వ్యవస్థ పేరు కోస్పాస్-సార్సాట్. అమెరికా, కెనడా, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ 1979లో చేతులు కలిపి మొదలుపెట్టాయి. ప్రచ్ఛన్నయుద్ధం నడుస్తున్న రోజులవి. అయినా 1982 సెప్టెంబరులో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కూలిన చిన్న విమానం జాడను పట్టి ఇచ్చింది సోవియట్ ఉపగ్రహమే. అందులోని ముగ్గురూ బతికారు.

ఇప్పుడు మూడు ఎత్తుల్లో ఉపగ్రహాలు వింటున్నాయి. సుమారు 850 కిలోమీటర్ల ఎత్తున తిరిగేవి మొదటి రకం. రైలు దగ్గరకు వచ్చేటప్పుడు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా, అదే సూత్రంతో బీకన్ ఎక్కడుందో ఇవి లెక్కగడతాయి. ఉపగ్రహం నెత్తి మీదికి వచ్చేదాకా ఆగాలి. కట్టిన లెక్క కూడా సుమారు 5 కిలోమీటర్ల తేడాతో ఉంటుంది. రెండో రకం మన ఇన్సాట్‌ల వంటి స్థిర కక్ష్య ఉపగ్రహాలు. ఇవి తమ పరిధిలో పుట్టిన కేకను వెంటనే వింటాయి కానీ, అది ఎక్కడి నుంచి వచ్చిందో తమంతట తాము చెప్పలేవు. మూడో రకం దారి చూపే జీపీఎస్, గెలీలియో, గ్లోనాస్ ఉపగ్రహాల మీద అమర్చిన పరికరాలు. 19,000 నుంచి 24,000 కిలోమీటర్ల ఎత్తున ఒకేసారి చాలా ఉపగ్రహాలు వింటాయి కాబట్టి జీపీఎస్ లేని బీకన్‌కైనా కొద్ది నిమిషాల్లో చోటు తేలుతుంది.

ఉపగ్రహం విన్నది గ్రౌండ్ స్టేషన్‌కు దిగుతుంది. మన దేశంలో అవి బెంగళూరు, లక్నోల్లో ఉన్నాయి. అక్కడి నుంచి సమాచారం బెంగళూరులో ఉపగ్రహాలను గమనించే ఇస్రో సంస్థ ఇస్ట్రాక్‌లోని మిషన్ కంట్రోల్ సెంటర్‌కు, అక్కడి నుంచి సముద్రపు ఆపద అయితే కోస్ట్‌గార్డ్ రెస్క్యూ కేంద్రాలకు వెళ్తుంది. ముంబై, చెన్నై, అండమాన్‌లోని శ్రీ విజయపురంలో (పాత పేరు పోర్ట్‌బ్లెయిర్) ఈ కేంద్రాలున్నాయి. ఆంధ్రా తీరం చెన్నై కేంద్రం పరిధిలోకి వస్తుంది.

ఏ పెట్టె ఎవరికి

ఈపిర్బ్ ఓడకు, బోటుకు చెందినది. నీళ్ళలో నిటారుగా తేలుతుంది, కనీసం 48 గంటలు పనిచేస్తుంది, పైన లైటు మిణుకుతూ ఉంటుంది. పీఎల్‌బీ మనిషికి చెందినది. జేబులో పడుతుంది, కనీసం 24 గంటలు పనిచేస్తుంది, కానీ చేత్తో ఆన్ చేస్తేనే మోగుతుంది. స్పృహ తప్పిన మనిషి తరఫున దానంతట అది కేక వేయదు. విమానాల్లో ఉండేది ఈఎల్‌టీ. అది నేలను ఢీకొన్న కుదుపుకే ఆన్ అవుతుంది. అయితే కూలినప్పుడు యాంటెనా కేబుల్ తెగిపోతే అది మోగుతున్నా ఎవరికీ వినబడదు.

మన మత్స్యకారుల బోట్లలో కనిపించే డాట్ (డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్) వేరే వ్యవస్థ. ఇస్రో తయారుచేసిన ఈ పరికరం 2010 నుంచి వాడకంలో ఉంది. ఇది కోస్పాస్-సార్సాట్‌కు చెందినది కాదు. దీని సందేశం మన ఉపగ్రహం మీదుగా నేరుగా బెంగళూరుకు, అక్కడి నుంచి కోస్ట్‌గార్డ్‌కు చేరుతుంది. 2024లో వచ్చిన రెండో తరం డాట్ మెరుగు. మీ కేక అందిందని ఒడ్డు నుంచి జవాబు వస్తుంది. బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిపితే తుపాను హెచ్చరికల వంటి సందేశాలను సొంత భాషలో చదువుకోవచ్చు. నడిసముద్రంలో ఉన్న సరంగుకు "విన్నాం" అనే ఆ ఒక్క జవాబు ఇచ్చే ధైర్యం చిన్నది కాదు. మన తీరంలో వేటాడే బోటుకు డాట్ చాలు. విదేశీ జలాలకు వెళ్ళే ఓడకు ఈపిర్బ్ తప్పనిసరి.

కొనేముందు చూడాల్సినవి

పాత మార్కెట్‌లో చవగ్గా దొరికే 121.5 మెగాహెర్ట్జ్ బీకన్‌ల జోలికి వెళ్ళకండి. 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు ఆ ఫ్రీక్వెన్సీని వినడం మానేశాయి. నేటి బీకన్‌లలో కూడా 121.5 ఉంటుంది కానీ, అది దగ్గరికొచ్చిన హెలికాప్టర్ వాసన పట్టినట్టు వెతుక్కుంటూ రావడానికి మాత్రమే.

జీపీఎస్ లోపలే ఉన్నదే తీసుకోండి. అప్పుడు సందేశంలో చోటు సుమారు 120 మీటర్ల తేడాతో వెళ్తుంది. ఓడకైతే ఏఐఎస్ (ఓడలు తమ చోటును ఒకదానికొకటి చెప్పుకునే రేడియో వ్యవస్థ) కూడా ఉన్న ఈపిర్బ్ కావాలి. 2022 జులై తర్వాత ఓడల్లో కొత్తగా పెట్టే ఈపిర్బ్‌లకు అంతర్జాతీయ నియమం అదే. ఏఐఎస్ ఉంటే చుట్టుపక్కల ఓడల తెర మీద కూడా మీరు చుక్కై కనిపిస్తారు. ఎన్నోసార్లు మొదట చేరేది ఆ ఓడలే.

బ్యాటరీ గడువు లేబుల్ మీద నెల, సంవత్సరంతో ఉంటుంది. దుకాణంలో రెండేళ్ళు పడి ఉన్న పెట్టె కొంటే మీరు రెండేళ్ళు నష్టపోయినట్టే.

ఇంకో మాట. మన దేశంలో అనుమతి లేకుండా తురాయా, ఇరిడియం శాటిలైట్ ఫోన్లు వాడడం నేరం. శాటిలైట్ మెసెంజర్ పరికరాలతో విమానాశ్రయాల్లో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్న విదేశీ పర్యాటకులు ఉన్నారు. పీఎల్‌బీ కూడా రేడియో పరికరమే. హిమాలయాల ట్రెక్కింగ్‌కు విదేశాల నుంచి తెచ్చుకునేవాళ్ళు టెలికాం శాఖ అనుమతి సంగతి ముందే తేల్చుకోవాలి.

పదిహేను అక్షరాల గుర్తింపు: రిజిస్ట్రేషన్

ప్రతి బీకన్ మీద 15 అక్షరాల గుర్తింపు సంఖ్య ముద్రించి ఉంటుంది. కేకతో పాటు వెళ్ళేది ఇదే. ఇందులో అంకెలు, ఏ నుంచి ఎఫ్ వరకు ఇంగ్లిష్ అక్షరాలు మాత్రమే ఉంటాయి. కాబట్టి మీకు ఓ అక్షరంలా కనిపించేది సున్నాయే, ఐ లా కనిపించేది ఒకటే. బి, 8 రెండూ ఉండొచ్చు, అక్కడే తప్పులు దొర్లుతాయి. ఫోన్‌తో లేబుల్ ఫొటో తీసి, పెద్దది చేసి చూస్తూ టైప్ చేయండి. ఒక్క అక్షరం తప్పినా మీ వివరాలు ఇంకెవరి బీకన్‌కో అతుక్కుంటాయి.

సందేశంలో మూడంకెల దేశపు కోడ్ కూడా ఉంటుంది. భారత్‌ది 419. దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో కొన్న ఈపిర్బ్‌ను భారత జెండా ఉన్న బోటుకు పెడితే కోడ్ మార్పించాలి. లేకపోతే ఆపద వేళ మన అధికారులు మీ వివరాల కోసం వేరే దేశాన్ని అడగాల్సి వస్తుంది, అక్కడ మీ పేరే ఉండదు. భారత కోడ్ ఉన్నవాటి రిజిస్ట్రేషన్ బెంగళూరు ఇస్ట్రాక్‌లోని మిషన్ కంట్రోల్ సెంటర్ దగ్గర జరుగుతుంది. అమెరికాలో ఉండి కొండలెక్కే తెలుగువాళ్ళయితే పీఎల్‌బీని అక్కడి వాతావరణ, సముద్ర సంస్థ నోవా దగ్గర నమోదు చేయాలి. రుసుము లేదు, రెండేళ్ళకోసారి వివరాలు సరిచూడాలి. ఆ బీకన్ ఏ దేశంలో మోగినా వివరాలు అక్కడి రక్షణ కేంద్రానికి చేరతాయి.

ఫారంలో ముఖ్యమైనది అత్యవసర ఫోన్ నంబర్ల గడి. చాలామంది అక్కడ తమ నంబరే రాస్తారు, లేదా తమతో వేటకొచ్చే తమ్ముడి నంబర్ రాస్తారు. ఇద్దరూ అదే బోటులో ఉంటే ఫోన్ ఎత్తేదెవరు? ఒడ్డున ఉండే ఇద్దరి నంబర్లు ఇవ్వండి. తెలియని నంబర్ నుంచి అర్ధరాత్రి ఫోన్ వచ్చినా ఎత్తమని వాళ్ళకు చెప్పి పెట్టండి. కేక అందగానే రెస్క్యూ కేంద్రం మొదట చేసేది ఆ ఫోనే. ఉపగ్రహాలకు అందే కేకల్లో అత్యధికం పొరపాటున మోగినవే కాబట్టి, ముందు నిజమా కాదా అన్నది తేల్చుకుంటారు. "అవునండీ, మొన్న పొద్దున్నే కాకినాడ నుంచి వెళ్ళారు, ఏడుగురున్నారు, నీలం రంగు బోటు, రేపటికి రావాలి" అని ఒడ్డున ఉన్న మనిషి చెప్పగలిగితే గంటలు ఆదా అవుతాయి. బయల్దేరే ముందు ఎందరు వెళ్తున్నారు, ఎటు వెళ్తున్నారు, ఎప్పటికి తిరిగొస్తారు అన్నది ఇంట్లో రాసి పెట్టే అలవాటు బీకన్‌తో సమానమైన రక్షణ.

బోటు అమ్మినా, రంగు మార్చినా, ఫోన్ నంబర్ మార్చినా అదే వారం వివరాలు మార్చండి.

బోటులో ఎక్కడ బిగించాలి

తనంతట తాను విడిపోయి తేలే ఈపిర్బ్ ఒక ప్లాస్టిక్ పెట్టెలో ఉంటుంది. దాన్ని పట్టి ఉంచేది అరచేతిలో పట్టే ఒక గుండ్రటి యూనిట్. దాని లోపల పలుచని పొర, స్ప్రింగు, చిన్న కత్తి ఉంటాయి. బోటు మునిగి ఒకటిన్నర నుంచి నాలుగు మీటర్ల లోతుకు వెళ్ళగానే నీటి ఒత్తిడికి పొర నొక్కుకుపోయి, స్ప్రింగు వదిలి, కత్తి ప్లాస్టిక్ బోల్టును కోసేస్తుంది. పెట్టె మూత ఎగిరిపోతుంది, బీకన్ పైకి తేలుతుంది, నీళ్ళు తగిలి ఆన్ అవుతుంది. ఇంత పని చేసే ఆ యూనిట్‌కు ఆయుష్షు బిగించిన నాటి నుంచి రెండేళ్ళే. బిగించిన రోజే గడువు నెలను, సంవత్సరాన్ని దాని లేబుల్ మీద గుర్తు పెట్టాలి. బోటుకు పెయింట్ వేసేటప్పుడు దాని మీద కూడా రంగు పూసేయడం తరచూ జరిగే పొరపాటు. రంగు చేరితే నీరు లోపలికి వెళ్ళే దారులు మూసుకుపోతాయి.

పెట్టెను కేబిన్ పైకప్పు మీద, పక్కగా బిగించడం మంచిది. పైన టార్పాలిన్, గొడుగు, యాంటెనా తీగలు ఉండకూడదు. వలలు, తాళ్ళు పోగేసే చోటుకు దూరంగా ఉండాలి. బోటు మునుగుతున్నప్పుడు వల కప్పేస్తే బీకన్ దాని కింద చిక్కి లోతుకు పోతుంది. బీకన్‌ను పట్టి ఉంచే బ్రాకెట్‌లో అయస్కాంతం ఉంటుంది. బీకన్ బ్రాకెట్‌లో ఉన్నంతసేపు నీటి స్విచ్‌ను అదే ఆపి ఉంచుతుంది, అందుకే వానకూ అలల తుంపరకూ అది మోగదు. ఆ అయస్కాంతమే దిక్సూచిని తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి లేబుల్ మీద రాసినంత దూరంలో పెట్టండి.

బీకన్‌కు సన్నటి తాడు చుట్టి ఉంటుంది. దొంగతనం భయంతో దాన్ని రెయిలింగ్‌కు కట్టేస్తుంటారు. బోటు మునిగితే బీకన్ కూడా దానితోపాటే అడుక్కు వెళ్ళిపోతుంది. ఆ తాడు బోటుకు కట్టడానికి కాదు. బోటు వదిలాక తెప్పకో, మనిషికో కట్టుకోవడానికి.

నెలకోసారి పరీక్ష

టెస్ట్ బటన్ మాన్యువల్‌లో చెప్పినంతసేపే నొక్కండి. లైటు మిణికి పాస్ అని చూపిస్తే చాలు. పరీక్షలో వెళ్ళే సంకేతానికి వేరే గుర్తు ఉంటుంది కాబట్టి ఉపగ్రహ వ్యవస్థ దాన్ని వదిలేస్తుంది. అసలు ఆన్ బటన్ నొక్కి, లేదా బకెట్ నీళ్ళలో ముంచి పరీక్షించకండి, అది నిజమైన ఆపద కేకే అవుతుంది. జీపీఎస్ పరీక్ష బ్యాటరీని బాగా తాగేస్తుంది. ఎన్నిసార్లు చేయవచ్చో మాన్యువల్‌లో ఉంటుంది, అంతకు మించొద్దు.

ఏడాదికోసారి పూర్తి తనిఖీకి మన మత్స్యకారులకు చక్కటి సమయం వేట విరామమే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు బోట్లు ఒడ్డునే ఉంటాయి. యాంటెనా పగిలిందా, సీలు ఊడిందా, పెట్టెలో ఉప్పు పేరుకుందా, గడువులు ఎప్పుడు తీరతాయి అన్నవి అప్పుడే చూసేయాలి. డాట్ బ్యాటరీని కూడా అప్పుడే చూడాలి. బ్యాటరీని వీధి మెకానిక్‌తో మార్పించకండి. నీరు చొరకుండా ఉండే సీలును తయారీదారు అనుమతించిన కేంద్రమే సరిగా మళ్ళీ వేయగలదు.

ఎప్పుడు నొక్కాలి, ఎలా నొక్కాలి

ప్రాణాపాయం ఉందా, త్వరలో వచ్చేలా ఉందా? అయితే నొక్కండి. ఇంజిన్ ఆగి లంగరు దిగి, వాతావరణం బాగుండి, వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఆపద పిలుపుల 16వ ఛానల్‌లో పక్క బోటు పలుకుతుంటే ముందు దాన్నే పిలవండి. ఫోన్ అందే చోట అయితే కోస్ట్‌గార్డ్ నంబర్ 1554. కానీ "ఇంకాసేపు చూద్దాం" అంటూ నీరు మోకాళ్ళ దాకా వచ్చేవరకు ఆగడం పెద్ద తప్పు. బీకన్ వేసే కేక మునిగిన తర్వాత కన్నా మునగబోయే ముందు వెళ్తేనే మేలు.

ఈపిర్బ్ అయితే:

1. బ్రాకెట్ నుంచి తీసి, సీలు తెంపి, మూత జరిపి, ఆన్ బటన్ నొక్కండి. లైటు మిణకడం చూడండి.
2. తాడు చివర తెప్పకు లేదా లైఫ్‌జాకెట్‌కు కట్టండి.
3. నీళ్ళలో వదలండి. అది నిటారుగా తేలడానికే తయారైంది, చుట్టూ నీరుంటే దాని సంకేతం బాగా వెళ్తుంది. నీళ్ళలో వదిలే వీలు లేకపోతే యాంటెనా నిటారుగా, ఆకాశం కనిపించేలా పట్టుకోండి. ఒళ్ళో పెట్టుకుని దుప్పటి కప్పకండి.
4. ఇక ముట్టకండి.

పీఎల్‌బీలో యాంటెనాను పూర్తిగా విప్పాలి. సగం విప్పితే కేక సగం కూడా వెళ్ళదు. జీపీఎస్ గుర్తు ఉన్న చోట అరచేయి పడకుండా చూడండి, ఎక్కువమంది చేసే తప్పు ఇదే. నీళ్ళలో ఉంటే లైఫ్‌జాకెట్ భుజం దగ్గర, నీటికి పైన ఉంచండి. కొండల్లో అయితే లోయ అడుగు నుంచి, బండ గోడ పక్క నుంచి, దట్టమైన చెట్ల కింద నుంచి బయటకు వచ్చి, ఆకాశం విశాలంగా కనిపించే చోట పెట్టండి.

చాలా బీకన్‌లు ఆన్ చేసిన వెంటనే కాకుండా సుమారు 50 సెకన్ల తర్వాతే మొదటి కేక వేస్తాయి. కంగారుపడి ఆపి మళ్ళీ ఆన్ చేయకండి. బ్యాటరీ మిగులుతుందని గంటకోసారి ఆపేయడం ఇంకా పెద్ద పొరపాటు. ఆపిన ప్రతిసారీ జీపీఎస్ మొదటి నుంచి వెతుక్కోవాలి, వెతుకుతూ వచ్చే హెలికాప్టర్‌కు 121.5 సంకేతం తెగిపోతుంది. చోటు కూడా పాతబడుతుంది. రెండు నాట్ల ప్రవాహంలో గంటకు 3.7 కిలోమీటర్లు కొట్టుకుపోతారు.

నొక్కాక

కొత్త బీకన్‌లలో గెలీలియో జవాబు సదుపాయం ఉంటే, కేక అందిందని ఒక లైటు వెలుగుతుంది. 2020 నుంచి ఈ సేవ నడుస్తోంది. లైటు వెలిగిందంటే వ్యవస్థ విన్నదని అర్థం, హెలికాప్టర్ బయల్దేరిందని కాదు.

ఎంతసేపు పడుతుందన్నది దూరాన్ని బట్టి ఉంటుంది. భారత నౌకాదళ అధికారి అభిలాష్ టామీ 2018లో పడవలో ప్రపంచాన్ని చుట్టివచ్చే గోల్డెన్ గ్లోబ్ రేసులో ఒంటరిగా వెళ్తుండగా సెప్టెంబర్ 21న దక్షిణ హిందూ మహాసముద్రపు తుపానులో పడవ స్తంభాలు విరిగి, వెన్నెముక దెబ్బతిని కదల్లేని స్థితిలో బీకన్ ఆన్ చేశారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి సుమారు 1,900 నాటికల్ మైళ్ళ దూరం. ఎక్కడున్నారో వెంటనే తెలిసింది. మారిషస్ నుంచి వెళ్ళిన మన నౌకాదళపు పీ-8ఐ గస్తీ విమానం పడవను కళ్ళారా చూసింది. అయినా ఫ్రెంచ్ గస్తీ నౌక ఒసిరిస్ ఆయన్ను పడవలోంచి తీసేసరికి 24వ తేదీ వచ్చింది. అదే రేసు తర్వాతి విడతలో, 2022 నవంబరులో ఫిన్లాండ్‌కు చెందిన టాపియో లెహ్తినెన్ పడవ నిమిషాల్లో మునిగింది. ఆయన బీకన్ మోగింది. మరుసటి రోజు తెప్ప దగ్గరికి చేరి ఆయన్ను ఎక్కించుకున్నది దారి మళ్ళించుకుని వచ్చిన తోటి పోటీదారు కిర్‌స్టెన్ నోయిషేఫర్. నడిసముద్రంలో కేక వేస్తే దగ్గర్లో ఉన్నవాళ్ళే వస్తారు.

కాబట్టి రెండు మూడు రోజులకు సిద్ధపడండి. అందరూ ఒకచోటే ఉండండి, విడిపోయినవాళ్ళను వెతకడం ఎన్నో రెట్లు కష్టం. పడవ తేలుతున్నంతసేపు దాన్ని వదలకండి, నీళ్ళలోని తల కన్నా బోల్తాపడిన బోటు ఎన్నో రెట్లు బాగా కనిపిస్తుంది. మంచినీళ్ళు మొదటి రోజు నుంచే కొలుచుకోండి, సముద్రపు నీళ్ళు తాగకండి. విమానం చప్పుడో ఓడ లైటో కనిపించేదాకా ఫ్లేర్లు (వెలుగుతో సంకేతమిచ్చే గొట్టాలు) దాచండి.

ఈలోగా ఒడ్డున కూడా లెక్కలు నడుస్తుంటాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ దగ్గర సరత్ అనే సాధనం ఉంది. చివరిసారి ఎక్కడ ఉన్నారో, దేని మీద ఉన్నారో చెబితే గాలి, ప్రవాహాలను బట్టి ఎటు కొట్టుకుపోయి ఉంటారో అంచనా వేస్తుంది. బోటా, తెప్పా, ఉత్త లైఫ్‌జాకెటా అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. రిజిస్ట్రేషన్ ఫారంలో బోటు రకం, తెప్ప ఉందా లేదా అన్న గళ్ళు ఖాళీగా వదలొద్దనేది అందుకే.

పొరపాటున మోగితే, పాతబడితే

పొరపాటున మోగితే వెంటనే ఆపి, వెంటనే చెప్పండి: 1554కు, లేదా 16వ ఛానల్‌లో. పదిహేను అక్షరాల సంఖ్య, ఎక్కడ ఉన్నారు, ఎప్పుడు ఆన్ అయింది, ఎప్పుడు ఆపారు అన్నవి చెబితే చాలు. భయపడి ఆపేసి ఊరుకుంటే అవతల విమానం ఎగురుతుంది, అదే సమయంలో నిజంగా ఆపదలో ఉన్నవాళ్ళకు ఆలస్యం అవుతుంది.

కాలం తీరిన బీకన్‌ను చెత్తకుప్పలోనో పాత సామాన్ల బండికో వేయకండి. తుక్కు యార్డుల్లో నలిగిన బీకన్‌లు కూడా కేక వేస్తాయి, వాటిని వెతకడానికీ మనుషులు వెళ్తారు. సర్వీస్ కేంద్రంలో బ్యాటరీ తీయించి, రిజిస్ట్రేషన్‌లో అది వాడుకలో లేదని నమోదు చేయించి, లేబుల్ మీది సంఖ్యను చెరిపేశాకే వదిలించుకోండి.